పాలు పొంగేదాకా

కోకంద్ ఊరి సినిమా హాలు పై అంతస్తులో, ప్రొజెక్టర్ పక్కన, అగ్గిపెట్టెంత గది ఒకటుంది. అందులో ఒక కుర్చీ, ఒక మైకు, తెర కనబడేట్టు ఒక చిన్న అద్దపు కిటికీ. పధ్నాలుగేళ్ళపాటు ఆ కుర్చీ సోలిహ్ ఆకాది, అంటే సోలిహ్ అన్నది. పరాయి దేశం సినిమా ఏదొచ్చినా మగా ఆడా అందరి మాటలూ ఆయనే ఒక్క గొంతుతో ఉజ్బెక్‌లో చెప్పేవాడు. అంతటితో ఊరుకునేవాడా? తెర మీద ఎవరూ మాట్లాడకపోతే ఆయనకి తోచేది కాదు. "తలుపు తెరుచుకుంటోంది... భయపడకండి, పిల్లే!" అనేవాడు. ఊరు ఊరంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. పిల్లి సంగతి ముందే చెప్పేస్తే ఇక సినిమాకి రావడం దేనికయ్యా అని ఒక్కరైనా అడిగారా? అబ్బే!

ఆయన నమంగాన్‌లో కూతురింటికి వెళ్ళిపోయాక ఆ కుర్చీ ముఅత్తర్ అనే అమ్మాయికి దక్కింది. దక్కిందంటే, ఒక్క ఆదివారానికి.

"చూడు చెల్లెమ్మా," అన్నాడు హాలు మేనేజర్ హమ్‌దమ్ ఆకా, "జనం కేకలేశారో, సోమవారం నుంచి మళ్ళీ పట్టుమిల్లులో టైపు కొట్టుకోవాల్సిందే. తర్వాత నన్ను తిట్టుకోకు."

"అలాగే ఆకా," అంది. ఇంకేమంటుంది? ఆ కుర్చీ కోసమే నాలుగేళ్ళు కళ్ళు మసకబారేలా ఫ్రెంచి నేర్చుకుంది.

ఆదివారం పొద్దున ఖాళీ హాల్లో ఒక్కతే కూర్చుని సినిమా చూసింది. నలుపు తెలుపు ఫ్రెంచి థ్రిల్లర్. మధ్యలో ఏడు నిమిషాలపాటు ఒక్క మాట లేదు. వంటింట్లో ఒకావిడ పొయ్యి మీద పాలు పెడుతుంది. ఇంతలో పైన చెక్కనేల మీద అడుగుల చప్పుడు. తనని చంపడానికి వచ్చినవాడే. ఆవిడ చెప్పులు విప్పేసి మెట్ల కింద దూరుతుంది. అడుగులు ఆగిపోతాయి. పాలు మాత్రం మెల్లగా పైకొస్తుంటాయి. పొంగి చుయ్యిమన్నాయంటే కింద మనిషుందని వాడికి తెలిసిపోతుంది. ఆవిడ కదలదు, వాడూ కదలడు. నీళ్ళలో మునిగి కళ్ళు తెరిచినట్టయింది ముఅత్తర్‌కి. బయట ఎండ, బజారు, తన పేరు కూడా ఎక్కడికో తేలిపోయాయి. లైట్లు వెలిగాక కూడా చాలాసేపు లేవలేకపోయింది. ఇక్కడ నోరు విప్పితే పాపం తగులుతుంది అనుకుంది.

మూడింటి ఆటకి హాలు నిండిపోయింది. కోకంద్ జనం సినిమాకొస్తే ఉత్తచేతులతో రారు. బూడిదలో వేయించిన ఆప్రికాట్ గింజలు కటకటమని కొరుకుతుంటే హాలంతా వడగళ్ళ వాన. మొదటి గంట బాగానే గడిచింది. ముఅత్తర్ గొంతు తడబడలేదు. తర్వాత ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టింది.

ముఅత్తర్ ఆగిపోయింది. మైకు మీట నొక్కి ఆపడం మర్చేపోయింది.

జనం అర నిమిషం ఓపిక పట్టారు. ఆ తర్వాత మొదలు.

"ఓ పిల్లా! నిద్రపోయావా?"

"మా సోలిహ్ అయితే, పైన ఎవడున్నాడో ఈపాటికి చెప్పేసేవాడు!" అంది ముందు వరసలో ముసలమ్మ.

"చెప్పడమేంటవ్వా, నీకు టీ కూడా పోసిచ్చేవాడు!"

హాలు గొల్లుమంది. ఎవరో బల్ల చరిచారు, ఎవరో ఈల వేశారు.

అయిపోయింది, కొంప మునిగింది అనుకుంది ముఅత్తర్. రెండు ముక్కలు చాలు. 'ఆమె దాక్కుంది' అంటే చాలు, కుర్చీ నిలుస్తుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. తెర మీద ఆవిడ చేత్తో నోరు మూసుకుంది. తెలియకుండానే ముఅత్తర్ చెయ్యి కూడా తన నోటి మీదకి వెళ్ళింది. ఏడుపు ఆపుకుంటూ ముక్కుతో పీల్చిన ఊపిరి, వణికే ఊపిరి, మైకులోంచి హాలంతా పాకింది.

జనం అది మెట్ల కింద ఆవిడ ఊపిరే అనుకున్నారు. నవ్వు మధ్యలో తెగింది. ఎవరో "ష్" అన్నారు. కటకటలు ఒక్కొక్కటే ఆగాయి.

కిందికి చూసే ధైర్యం లేదు ముఅత్తర్‌కి. అందరూ లేచి వెళ్ళిపోతున్నారు కాబోలు అనుకుంది. మెట్ల మీద దబదబా అడుగులు. కేకలు విని పరిగెత్తుకొచ్చిన హమ్‌దమ్ ఆకా తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నిన్ను నమ్మినందుకు..." అంటూండగా కళ్ళు అద్దంలోంచి తెర మీద పడ్డాయి.

పాలు అంచుదాకా వచ్చేశాయి.

తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. చప్పుడు కాకుండా వచ్చి ఆమె కుర్చీ వీపు పట్టుకున్నాడు. కుర్చీ వణుకుతోంది. ఎవరి వణుకో ముఅత్తర్‌కి తెలీలేదు. కింద నాలుగొందల మంది, ఒక్క దగ్గు లేదు. ఎంతసేపు అలా ఉన్నారో అడిగితే ఆ రోజు అక్కడున్న వాళ్ళెవరూ చెప్పలేరు.

చుయ్యిమంది. పైనుంచి మగ గొంతు, నెమ్మదిగా, ఫ్రెంచిలో ఏదో అడిగింది.

'ఎవరక్కడ?' తను ముందే రాసిపెట్టుకున్న కాగితం మీద తర్వాతి మాట అదే. చెప్పితీరాల్సిన మాట. ముఅత్తర్ కళ్ళు తుడుచుకుని మైకు మీదికి వంగింది.

హమ్‌దమ్ ఆకా అరచేత్తో మైకు గట్టిగా మూసేశాడు. ఆయన పెదాలు తెల్లబడిపోయాయి.

"మాట్లాడకమ్మా," అన్నాడు గుసగుసగా, "వాడికి వినపడుతుంది."