ఇంటాయన పళ్ళెం

ఆ ఆదివారం నడకకి దారి గీసింది నేనే. ఏటి అవతల తన్లిన్ రేవులో లాంచీ దిగి, పొలం గట్ల మీదుగా కొండమీద పగోడా దాకా నడవాలి. కొండ కింద కల్లు దుకాణంలో భోజనం. ఇలా వెళితే రెండు మైళ్ళు చుట్టు. ఎందుకంత చుట్టు అని మా తెలుగువాళ్ళ షికారు క్లబ్బులో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదు. దగ్గరి దారిలో మ్యా మ్యా నడిపే మరో కల్లు దుకాణం ఉంది.

మ్యా మ్యా నా భార్య. మూడేళ్ళయింది. వారమంతా రంగం పట్నంలో, చౌక్తడా పేటలో గుమాస్తాని, శనివారం లాంచీ ఎక్కితే సంసారిని. ఇది క్లబ్బుకి తెలిస్తే నా పేరు కొట్టేస్తారు. బర్మా ఆడదానితో కాపురం చేసేవాడికి సభ్యత్వం లేదని నిబంధన. దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది, నెలనెలా పైకి చదివేది కార్యదర్శినైన నేనే. సిగ్గు లేక కాదు. ఇంత పెద్ద రంగంలో నన్ను మా ఊరి యాసలో పలకరించే చోటు అదొక్కటే. అది పోతే ఎలా బతకాలో నాకు తెలియదు.

గట్టు మీద నడుస్తున్నానన్నమాటేగాని, నా కళ్ళు ఆమె దుకాణం ఉన్న తాటితోపు వైపే పోతున్నాయి.

"ఏటి బావా, కాళ్ళ కింద నిప్పులున్నట్టు ఆ పరుగేటి?" అన్నాడు వెనకే వస్తున్న మా క్లబ్బు యర్రయ్య.

"ఎండ ముదురుతోంది," అన్నాను. నిజానికి మబ్బేసి ఉంది.

ఇంతా చేస్తే కొంప ముంచింది బూట్లు. మా అధ్యక్షుడు బంగారురాజుగారు అహ్లోన్ మిల్లులో పెద్ద మేస్త్రీ. షికారుకని కొత్త బూట్లు కొన్నారు. మైలు దాటగానే గట్టు మీద కూలబడ్డారు.

"ఇంక నా వల్ల కాదు, నరసింహం. ఆ తాటిసెట్ల ఎనకాల కప్పు కనబడతంది సూడు. దుకాణమేనా?"

"అక్కడ తిండి బాగుండదండి."

"నీకెలా తెలుసు?"

తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని వెనకాలే నడిచాను.

గుమ్మంలో మమ్మల్ని చూడగానే మ్యా మ్యా ముఖం వికసించింది. నేను తల అడ్డంగా ఊపాను. కొంచెమే. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. లోపలికి వెళ్ళి చాపలు తెచ్చి పరిచింది.

కల్లు వచ్చింది. అన్నం, చేపకూర వచ్చాయి. వడ్డించే ముందు ఆమె ఒక పళ్ళెంలో తొలి గరిటె అన్నం, దాని మీద చేప తలకాయ ముక్క పెట్టి పక్కన బల్ల మీద ఉంచింది. తరువాత రాజుగారి నుంచి మొదలుపెట్టి అందరికీ వరసగా వడ్డించింది. నాకు ఆఖరున.

"ఆ పళ్ళెం ఎవులికి? అడుగు," అన్నారు రాజుగారు. ఇరవయ్యేళ్ళు ఇక్కడున్నా ఆయనకి బర్మా మాట రాదు. అన్నింటికీ నేనే దుబాసీని.

అడిగాను. మ్యా మ్యా నా వైపు చూడకుండా జవాబు చెప్పింది. దాన్ని తెలుగు చెయ్యక తప్పలేదు.

"ఇంటి యజమానికటండి. ఆయన లేకపోయినా తొలి ముద్ద ఆయనదేనట. ఇవాళ పట్నంలో పనుందని రాలేదట."

నిన్న నేను కబురు పంపిన అబద్ధం అది. నా నోటినుంచే నాకు వినిపించింది. ఒక ముద్ద తిని, మిగతా అన్నం కలుపుతూ కూర్చున్నాను. ఛీ, ఏం బతుకు నాది!

"రాని మొగుడికి తలకాయ ముక్కెందుకు?" అంటూ యర్రయ్య నవ్వి, ఆ పళ్ళెం మీదికి చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు!" అన్నాను. ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు. "అది నాది."

అందరూ తినడం ఆపేశారు. రాజుగారు ఒక కాలికే బూటుతో నా వైపు తిరిగారు.

"ఏటన్నావు?"

"ఆ రాని ఇంటాయన్ని నేనేనండి. మూడేళ్ళయింది. క్లబ్బు పుస్తకంలో నా పేరు నేనే కొట్టేస్తాను."

నేను పళ్ళెం కోసం చెయ్యి చాచాను. మ్యా మ్యా దాన్ని చప్పున వెనక్కి లాక్కుంది. ఆ ఇంట్లో నేను నేర్పిన ఆచారం ఒక్కటే. దాన్ని అందరూ వినేలా, మా ఊరి తెలుగులోనే చెప్పింది.

"ఎంగిలి సెయ్యి. కడుక్కొని రా."