గడ్డి చుట్ట మీది వల

“వల విప్పకపోతే కొంపలేం మునిగిపోవు. ఆవులకి మాత్రం బుద్ధుండదా? అక్కర్లేనిది అవే ఊసేస్తాయి” అంటాడు మొగుడు. ఆవులకి బుద్ధుందో లేదో గానీ, ఊసే అలవాటు మాత్రం లేదు. నాలుకకి చుట్టుకున్నదల్లా లోపలికే పోతుంది. అందుకే మనిషెత్తు గుండ్రటి గడ్డి చుట్టకి బిగించిన ఆ ప్లాస్టిక్ వలని కత్తితో కోసి, మంచుకి గడ్డితో కలిసి గట్టిపడిపోయిన చోట గోళ్లతో గీకి, ఒక్క పోగు మిగలకుండా లాగెయ్యడం ప్రతి పొద్దునా ఆ ఇంటి కోడలి పని. తొడుగులు వేసుకుంటే పోగు చేతికి తెలియదు, అందుకని వట్టి చేతులే. చలికాలం వచ్చిందంటే వేళ్లు పగిలి నెత్తురు కారుతుంది. ఆ చేతులు చూసి అత్తగారు, “మా రోజుల్లో ఇంత సుకుమారం ఎరగం తల్లీ” అంటుంది. ఆవిడ రోజుల్లో గడ్డి చుట్టలూ లేవు, వలలూ లేవు. ఆ సంగతి ఆవిడకి చెప్పేదెవరు?

చుట్టలు నేలకి తగిలితే అడుగు కుళ్లిపోతుందని పాత టైర్లు దొర్లించుకొచ్చి వరసగా పరిచేదీ ఆమే. మొగుడు ట్రాక్టరు నడుపుతాడు. చుట్టని ట్రాక్టరు ఇనప పళ్లకి గుచ్చి తెచ్చి, ఆమె వల విప్పుతుంటే ఇంజనైనా ఆపకుండా “కానీ, కానీ” అంటాడు. చుట్టని మేత వేసే ఇనప కంచెలో దించేస్తే అతని పశుపోషణ ఆ రోజుకి అయిపోయినట్టే. ఆపైన పొగరుబోతు ఆవులు బక్కవాటిని గెంటెయ్యకుండా అదిలించాలి, తొక్కి పాడుచేసిన గడ్డి ఎత్తిపోయాలి, పాలు పితకాలి, పేడ తియ్యాలి, ఇంట్లోకొచ్చి పొయ్యి వెలిగించాలి. “పగలంతా ఏం చేస్తావో గానీ, వంట మాత్రం వేళకి కాదు” అని అతను విసుక్కునేది ఆ తర్వాత.

పాల సంఘం వాళ్లు, పశువుల పని స్వయంగా చేసే ఆడవాళ్లని సభ్యులుగా చేర్చుకుంటామన్నారు. సభ్యురాలైతే మీటింగులో కూర్చోవచ్చు, నోరు విప్పవచ్చు. ఏ ఆవుని ఉంచుకోవాలో ఏది అమ్మాలో ఆమె సంతకం లేకుండా తేలదు. ఆమెకి ఆ కార్డు కావాలి. పెళ్లయ్యాక ఆమె నోరు విడిచి అడిగింది అదొక్కటే. సంఘం కార్యదర్శి, కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ, ఇంటికొచ్చి “మీ ఆవిడ పశువుల పని చేస్తారా?” అని అడిగితే మొగుడు నవ్వాడు. “దానికేం తెలుసండీ? ఇంట్లోనే ఉంటుంది. ఎప్పుడైనా సరదాకి అలా కొట్టం వైపు వస్తుందంతే.”

సరదాకట! ఆమె అప్పుడు వంటింట్లోంచి టీ తెస్తోంది. పేడ వాసన పోవాలని చేతులు తోముకుని మరీ తెచ్చింది. కడుక్కోకుండా వచ్చి ఉంటే ఎంత బాగుండేదని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో. కార్యదర్శి టీ తాగి, సభ్యత్వం ఇవ్వడానికి వీల్లేదమ్మా అని చెప్పి వెళ్లిపోయింది.

ఈ చలికాలం ఆమెకి కడుపులో ఆపరేషను అయింది. ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మేత మొగుడే వేశాడు. ఇంటికొచ్చి కుట్లు పట్టుకుని కొట్టం దాకా నడిచి చూస్తే, ఇనప కంచె చుట్టూ బురదలో వల పేలికలు. వంగలేక వంగి, దొరికినవన్నీ ఏరింది. అడిగితే, “వచ్చీ రాగానే మొదలెట్టావా?” అన్నాడు. కొన్నాళ్లకి బొల్లావు మేత మానేసింది. తల్లి తన్నేస్తే ఆమె సీసాతో పాలు పట్టి బతికించిన పెయ్య అది. పెద్దదయ్యాక కూడా ఆమె గొంతు వింటే తల తిప్పేది. ఇవాళ పొద్దున చచ్చిపోయింది.

పశువుల డాక్టరు పొట్ట కోసి చూశాడు. సంఘానికి పాలు పోసే ఆవు కాబట్టి కార్యదర్శీ వచ్చింది. డాక్టరు లోపలినుంచి పచ్చటి వల ముద్దని లాగుతుంటే అది మూర తర్వాత మూర వస్తూనే ఉంది.

“చుట్టని వలతోనే పడేశారా?” డాక్టరుకి ఒళ్లు మండిపోయింది. “మేత ఎవరు వేస్తారిక్కడ?”

మొగుడు ఎవరి మొహమూ చూడలేదు. “ఆవిడేనండీ. మేతా, పాలూ, కొట్టం అంతా ఆవిడ చేతుల మీదే. నేను అసలు వేలు పెట్టను. జాగ్రత్తని ఎన్నిసార్లు చెప్పానో.”

“అవునండీ,” అత్తగారు అందుకుంది. “మావాడికి కొట్టంతో పనేముంది? పగలంతా దీని రాజ్యమేగా!”

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నేను ఆసుపత్రిలో ఉన్నానండీ, పడేసింది ఈయనే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే నమ్ముతారు, కుట్లింకా మానలేదు. నమ్మి? మొగుడు తల దించుకుంటాడు. ఆమె ఏ పాపం ఎరగనిదై, ఏ పనీ ఎరగనిదై, మళ్లీ ఇంట్లోకి పోయి టీ పెడుతుంది. ఛీ, ఏం బతుకు! తన పని తనదేనని ఈ ఇంటివాళ్లు నలుగురిలో ఒప్పుకోవడానికి ఒక తప్పు కావలసి వచ్చింది. అదీ ఆమె చెయ్యని తప్పు. బిడ్డలా సాకిన దాన్ని నేనే చంపానని ఒప్పుకోవాలి. బొల్లావు కళ్లు ఇంకా తెరిచే ఉన్నాయి. వాటివైపు చూడకుండా కార్యదర్శి వైపు తిరిగింది.

“నిజమేనండీ. మేతా, పాలూ, కొట్టం, అన్నీ నేనే. మీ ముందే చెప్పారుగా.”

“అబ్బే, అది వేరండీ, ఇది వేరు” అని మొగుడు ఏదో నసిగాడు.

“ఈ ఆవు చావు నా పేరునే రాసుకోండి,” అంది ఆమె. “రాసుకుని, సభ్యత్వం కార్డు మీదా ఆ పేరే రాయండి.”