రెండు వేళ్ల మందం

దుర్యోధనుడి ముక్కుకు మూడోసారి తడి చెయ్యి పెట్టి, కుప్పుస్వామి రెండడుగులు వెనక్కి వచ్చి చూశాడు. ఎడమ పక్క కాస్త కుంగింది. మళ్లీ వంగి పిడికెడు మన్ను అద్దాడు. వంగినప్పుడు నడుములో ఏదో కలుక్కుమంది. అలవాటైన నొప్పే. కాసేపు అలాగే వంగి ఉండి, అది పోయాక లేచాడు.

ఇంకా ఎండ రాలేదు. చౌడేపల్లె దారిలో మొదటి పాల ఆటో పోయింది. ద్రౌపదమ్మ గుడి ఎదుటి బీడులో నలభై అడుగుల పొడవున మట్టి దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పద్దెనిమిది రోజుల భారతం ఉత్సవంలో ఇది ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడు గంటలకు భీముడి వేషగాడు వచ్చి ఈ మట్టి తొడను గదతో కొడతాడు. తొడలో దాచిన ముంత పగిలి ఎర్రనీళ్లు చిమ్మాలి. ద్రౌపది వేషం కట్టినవాడు ఆ ఎరుపును తలకు రాసుకుని, ఇన్నాళ్లూ విరబోసుకున్న జుట్టును కొప్పు ముడవాలి. ఆ తర్వాత ఊరి ఆడవాళ్లు చీపురు పొరకలు తెచ్చి దుర్యోధనుణ్ణి కొడతారు. అంతా అయ్యాక ఇంటికొక ముద్ద మన్ను తీసుకుపోయి చేలో వేసుకుంటారు.

ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ మన్ను తొక్కేది కుప్పుస్వామే. మిగతా పదకొండు నెలలూ అతనొక మామూలు రైతు. ఎకరన్నర పొలం, ఒక బోరు, టమాటా, తడి చాలిన ఏడాది కాస్త వేరుశనగ. మదనపల్లె మార్కెట్టులో అతని పేరు తెలిసినవాడు లేడు. ఊళ్లోనైనా భారతం నెల వస్తేనే అతను గుర్తుకొస్తాడు. పొట్టి మనిషి. కాళ్లు మాత్రం పెద్దవి. మడమల పగుళ్లలో ఏ ఏటి మన్నో ఇంకా ఉంటుంది. కుడి బొటనవేలి గోరు అరిగిపోయి సగమే మిగిలింది. బొమ్మ కనురెప్పల గీతలన్నీ ఆ గోటితోనే గీస్తాడు.

ముక్కు కుదిరింది. మీసాలకు బొగ్గుపొడి కలుపుతూ ఉంటే గోవిందరాజులు వచ్చాడు. చౌడేపల్లెలో ఎరువుల అంగడి ఆయనది. గుడి పెద్ద. తెల్లచొక్కాకు మన్ను అంటకుండా బారెడు దూరంలో నిలబడ్డాడు.

"ఏం కుప్పుసామీ, మూతి ఈసారి మీ మామ మాదిరి ఉండాదే."

"మా మామకు ఇంత మీసం యాడిది అప్పా."

గోవిందరాజులు నవ్వి, గొంతు సవరించుకున్నాడు. "పోయినేడు జరిగింది మర్సిపోలేదు గదా నువ్వు."

కుప్పుస్వామి బొగ్గు కలపడం ఆపలేదు.

పోయినేడు ముంత పగల్లేదు. భీముడు ఒకసారి కొట్టాడు, రెండుసార్లు కొట్టాడు. మూడో దెబ్బకు గద తల ఊడి పోయి హరికథ చెప్పే ఆయన కాళ్ల దగ్గర పడింది. జనం సెల్లుల్లో తీసుకుని నవ్వారు. పుంగనూరు బస్సులో కూడా ఎవరో అది చూసి నవ్వుతుంటే కుప్పుస్వామి తన ఊరు రాకముందే దిగి నడిచి వచ్చాడు.

"కుప్పం తావ ఒక ఊర్లో సిమెంటు దుర్యోధనుణ్ణి కట్టుకున్నారంట," అన్నాడు గోవిందరాజులు. "తొడలో గుంత ఇడిసిపెట్టి, ఏటేటా ముంత పెట్టి పైన రవంత మన్ను పూస్తే సాలు. రంగేస్తే పదేండ్లు సూసే పని లేదు. కమిటీలో అందురూ అదే మాట. నేనే ఆపినా, ఈ ఒక్కేడు సూస్తామని. ఒక్క దెబ్బకు పగిలితే మన్నుదే ఉంటాది. లేకుంటే నన్నేమీ అనుకోవద్దు."

"పగుల్తాది అప్పా."

"నీకు సేతకాక కాదులే. వయసు అట్లాంటిది." ఆయన వెళ్లిపోయాడు.

కుప్పుస్వామి తన చేతుల వంక చూసుకున్నాడు. వయసు కాదు. షుగరు వచ్చాక మూడేళ్లుగా వేళ్ల కొసలకు స్పర్శ లేదు. సంగటి వేడి తెలియదు, టమాటా మెత్తబడిందో లేదో తెలియదు. కళ్లతో చూసి చేసుకుంటున్నాడు. ముక్కుకు, మీసానికి కళ్లు చాలు. తొడకు చాలవు. ముంత మీద మన్ను రెండు వేళ్ల మందం ఉండాలి. అంతకన్నా తగ్గితే ఎండకు బీటలు వారి ఎరుపు ముందే కారిపోతుంది. పెరిగితే గదకు లొంగదు. ఆ మందాన్ని చూసి చెప్పలేం. మెత్తటి మన్నులోకి వేలు దించి, ముంత తగలగానే ఆపి తెలుసుకోవాలి. పోయినేడు అతని వేలు ముంతకు తగిలిందో లేదో అతనికే తెలియలేదు.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

పది గంటలకు కూతురు చంద్రిక అంబలి తెచ్చింది. ఆమె ఇల్లు రెండు వీధుల అవతల. మొగుడు పుంగనూరుకు ఆటో తోలుతాడు. తల్లి పోయినప్పటి నుంచి తండ్రి చేలో సగం పని ఆమెదే. ఉత్సవమని చేతినిండా ఆకుపచ్చ గాజులు వేసుకుంది. గట్టున కూర్చుని, తండ్రి తాగేదాకా దుర్యోధనుణ్ణి తలనుంచి కాళ్లదాకా చూసింది. ఆమె ఎప్పుడూ అలాగే చూస్తుంది.

ఆ చూపు అతనికి తెలుసు. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు, ఇంటి వెనక జామచెట్టు కింద మూరెడు దుర్యోధనుణ్ణి చేసింది. ముక్కు, మీసం, తొడలో కుంకుమ నీళ్ల పిడత. అతను చూస్తుండగానే చీపురుపుల్లల కట్టతో ఒక్కటి కొట్టింది. పిడత పగిలి ఎరుపు చిమ్మింది. నవ్వుతూ తండ్రి మొహంలోకి చూసింది. అతను ఆ బొమ్మను కాలితో తొక్కేశాడు. తొట్టి దగ్గరికి ఈడ్చుకుపోయి ఆమె చేతులు కడిగాడు. భీముడు కొట్టేదాకా ఆడవాళ్లు ఈ మన్ను ముట్టకూడదని అతనికి వాళ్ల నాయన చెప్పాడు. ఎందుకో నాయన చెప్పలేదు. అతను అడగనూ లేదు.

అంబలి తాగి ముంత తీసుకున్నాడు. పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడిన నీళ్లు అందులో ఉన్నాయి. మూతికి అరిటాకు కట్టి, తొడ గుంతలో దించి, మన్ను మూశాడు. వేలు దించాడు. ఏమీ తెలియలేదు. ఇంకాస్త దించాడు. తీసి, మన్ను తగ్గించి, మళ్లీ దించాడు. నుదుటి చెమట కంట్లో పడింది.

అతను నాలుగోసారి వేలు దించినప్పుడు వెనక నుంచి చంద్రిక అంది. "నాయనా, వేలికి తెలీలేదా?"

అతను వేలు బయటికి తీసి పంచెకు తుడుచుకున్నాడు.

"సంగటి సెయ్యి కాల్తాండాదని నువ్వు అనక మూడేండ్లాయ. నాకు తెలీదనుకున్యావా?"

అతను గుడి వైపు చూశాడు. రాత్రంతా ఆడిన వేషగాళ్లు మండపంలో మొహాల రంగుతోనే నిద్రపోతున్నారు. దారిలో ఎవరూ లేరు.

"సూడు మే," అన్నాడు. "ఎంతుండాది?"

ఆమె వచ్చి వంగి, రెండు వేళ్లు ఆనించి, చూపుడువేలు దించింది. కళ్లు మూసుకుంది. "నాలుగుండాది. ముంత గూడా పక్కకు ఒరిగింది."

కుప్పుస్వామి లేచి పక్కకు జరిగాడు. తువ్వాలు విప్పి, గాలికి ఆరేస్తున్నట్టు రెండు చేతులా అడ్డం పట్టుకుని దారి వైపు నిలబడ్డాడు. అంతే అతను ఇచ్చిన అనుమతి.

ఆమె మోచేతుల దాకా చేతులు మన్నులో పెట్టింది. ముంతను తీసి, అడుగున గడ్డి సర్ది, నిటారుగా నిలబెట్టింది. మన్నును ముద్దలుగా వెయ్యలేదు. చపాతీలా చరిచి, అంచు నుంచి మధ్యకు కప్పుకుంటూ వచ్చింది. అలా చెయ్యాలని తెలిసేసరికి అతనికి పన్నెండేళ్లు పట్టింది. ఆమెకు ఎవరు చెప్పారో. చివర ముంజెయ్యి ఆనించి అదుముతుంటే గాజొకటి టప్పుమంది.

"తెగిందా?"

"తెగల్యా. గాజు పగిలింది." ఒక ముక్క తీసి గట్టున పెట్టింది. రెండోది దొరకలేదు.

ఆమె లేచాక అతను తొడ వైపు చూశాడు. నున్నగా ఉంది. అంచున మాత్రం వరసగా సన్నటి వంపు గీతలు పడ్డాయి. గాజుల అచ్చు. కుప్పుస్వామి మన్ను చదును చేసే చెక్క తీసుకుని, నీళ్లలో ముంచి, ఆ గీతల మీద ఒకసారి, ఇంకోసారి లాగాడు. ఏమీ మిగల్లేదు.

"సెరిపేసినావా," అంది చంద్రిక.

"ఎవురన్నా సూస్తే..."

ఆమె పక్కనున్న నీళ్ల తొట్టిలో చేతులు కడుక్కుంది. ఈసారి తనంతట తానే. "నేను పొరక తెచ్చుకోవాల," అని వెళ్లిపోయింది.

మూడు గంటలకు బీడు నిండిపోయింది. భీముడి వేషం బీరప్పది. మామూలు రోజుల్లో గొర్రెలు మేపుకుంటాడు. కిరీటం సర్దుకుంటూ కుప్పుస్వామి దగ్గరికి వచ్చి గుసగుసగా అన్నాడు. "అన్నా, ఈసారన్నా నా మానం కాపాడతావా? పోయినేటి నుంచి మా గొర్రెలు గూడా నన్ను సూసి నవ్వుతాండాయి."

"కొట్టు పో."

బీరప్ప మూడుసార్లు దుర్యోధనుడి చుట్టూ తిరిగాడు. మద్దెల ఆగింది. గద లేచింది. కుప్పుస్వామి కళ్లు మూసుకున్నాడు.

ఒక్కటే చప్పుడు. కుండ పగిలిన చప్పుడు. తర్వాత జనం కేక. కళ్లు తెరిచేసరికి ఎరుపు బీరప్ప మోకాళ్ల దాకా చిమ్మి ఉంది. ద్రౌపది వేషగాడు దోసిలి పట్టి తలకు పూసుకుంటున్నాడు. ముసలివాళ్లు దండం పెట్టారు. ఆడవాళ్లు పొరకలతో పరిగెత్తి వచ్చారు. వాళ్లలో చంద్రిక కూడా ఉంది. ఆమె తొడ దగ్గరికి పోలేదు. పాదం మీద మెల్లగా రెండు దెబ్బలు వేసి పక్కకు వచ్చేసింది.

గోవిందరాజులు కొత్త తువ్వాలు తెచ్చి కుప్పుస్వామి భుజాన కప్పాడు. అతని మట్టిచేతిని పట్టుకుని పైకెత్తి, అందరికీ వినపడేలా అన్నాడు.

"సూడండప్పా, ఈ సెయ్యి ఉండేదాంక మనూర్లో సిమెంటు మాటే లేదు. ఇంగెవురికొస్తాది ఈ పని?"

కుప్పుస్వామి నోరు తెరిచాడు. "అది..." అన్నాడు. అప్పుడే మద్దెల మళ్లీ మొదలైంది. ఆగేదాకా ఉండి చెప్పవచ్చు. గోవిందరాజులు ఎక్కడికీ పోలేదు, ఎదురుగానే ఉన్నాడు. పది అడుగుల దూరంలో చంద్రిక పొరక పట్టుకుని తండ్రి నోటి వైపే చూస్తోంది. మద్దెల ఆగింది. కుప్పుస్వామి తువ్వాలు అంచు సర్దుకున్నాడు. ఆమె తల దించుకుంది.

జనం పలచబడ్డాక అతను తొడ దగ్గర ఒక ముద్ద మన్ను తీసుకుని చేనికి పోయాడు. మొదటి సాలు మొదట్లో, టమాటా చెట్టు కింద పెట్టాడు. బోరు గది గోడకు ఆనుకుని కూలబడ్డాడు. చంద్రిక అప్పటికే వచ్చి పైపులు సర్దుతోంది.

"మే," అని పిలిచాడు. "రేపు పొద్దున గోవిందరాజులప్ప అంగడికి పోదాం, ఇద్దురమూ."

"యాల?"

"ఒక మాట సెప్పల్ల ఆయనకు. ముంత పెట్టింది ఎవురో."

ఆమె పైపు చేతిలో పట్టుకుని నిలబడింది. "ఈ పొద్దు సెప్పేదానికి ఏమొచ్చింది నాయనా?"

అతను తన చేతులు చూసుకున్నాడు. గోళ్ల కింద మన్ను ఆరి తెల్లబడింది. "కాయలు దించి, ఆ చేత్తోనే పోదాం. పొద్దున్నే," అన్నాడు.

"సరే. కాసేపు కూసో. నీళ్లు ఇడిసొస్తా."

ఆమె ఆఖరి సాలు దాకా పోయి మడవ తిప్పి వచ్చేసరికి ఎండ గోడ మీది నుంచి దిగిపోయింది. అతను అలాగే కూర్చుని ఉన్నాడు. కొత్త తువ్వాలు భుజం మీది నుంచి జారి ఒళ్లో పడి ఉంది. "నాయనా, పోదామా," అంది. దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లకు అన్నీ తెలుస్తాయి. రెండోసారి పిలవలేదు.

పదకొండో రోజు గోవిందరాజులు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపు కుప్పుస్వామి మంచితనం చెప్పాడు. "ఆ పని మీ నాయన్తోనే పాయమ్మా. కుప్పం నుంచి మేస్త్రీ వస్తాండాడు. తలనుంచి కాళ్లదాకా ఎన్ని అడుగులో, తొడ ఎంత ఎత్తో, నీకేమన్నా తెలుసునా?"

చంద్రిక ఆయన కళ్లలోకి చూసింది. చెప్పవలసినవాడు లేడు. తను చెబితే, చచ్చిన తండ్రి చేతిని తక్కువ చేసినట్టవుతుంది.

"తెలుసప్పా," అంది. కొలతలు చెప్పింది.

ఆయన పోయాక చేనికి నీళ్లు కట్టడానికి వెళ్లింది. మొదటి సాలులో టమాటా చెట్టు కింద మట్టిముద్ద ఇంకా ఉంది. రోజూ పారిన నీళ్లకు ఒక పక్క కరిగింది. కరిగిన చోట, రెండు వేళ్ల లోతున, ఆకుపచ్చ గాజుముక్క ఎండకు మెరుస్తోంది.