మెరవని సీసా

"మెరిసిందా బాబాయ్?" ప్రయోగశాల చీకటిగదిలో ఆ మూలనుంచి పరిశోధకురాలు కేకేసింది. ఫ్యాను హోరులో, ఎలుకల బోనులు కడిగే బోనుల బాబాయికి అది "మురిశావా" అని వినబడింది.

"మురవక చస్తానా తల్లీ! బోనస్ అడిగితే ఇంకో నాలుగు బోనులిచ్చారు."

"మురవడం కాదు, మెరవడం! ఆ ఎలుకని చూడు."

బాబాయి నారింజరంగు కళ్లద్దాలు తగిలించుకుని వంగాడు. నీలిదీపం కింద మత్తులో వెల్లకిలా పడుంది చిట్టెలుక. గొరిగిన పొట్ట అడుగున, మూత్రాశయం ఉండేచోట, ఆవగింజంత పచ్చటి మెరుపు. పోయినవారం అది నలుసు.

"మెరిసిందమ్మా."

మెరిస్తే కేన్సరే, మూడినట్టే. ఇన్నేళ్ల కొలువులో బాబాయి నేర్చిన శాస్త్రమంతా అదే.

మనిషి పొట్టి; బోనులు మోసి మోసి భుజాలు ముందుకు వంగిపోయాయి. ఎంత తోమినా వేళ్లకు ఎలుకల వాసన పోదు. ఎలుకల్ని అల్లుళ్లనేవాడు, మేపడమే తప్ప పని చెప్పకూడదు కనక. ఆ పూట మెరిసిన అల్లుడి బోనులో పొట్టు మారుస్తుంటే, తెల్లటి పొట్టుమీద ఎర్రటి మరక. బాబాయి చెయ్యి ఆగింది. పొద్దున దొడ్లో తన మూత్రంలోనూ అదే రంగు చూశాడు.

"బీట్‌రూట్ తిన్నానే," అని, ఆ రాత్రి ఆ రంగు కంటబడిన భార్యతో బుకాయించాడు.

"మనింట్లో బీట్‌రూట్ వండి ఎన్నాళ్లయింది? డాక్టరు దగ్గరికి పదండి."

"మా దగ్గరే పరీక్ష ఉంది. అక్కడ చూసుకుంటాలే."

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లారు. బాబాయి జేబులోంచి దగ్గుమందు సీసా తీశాడు. కడిగి, పొద్దున తన మూత్రం నింపుకున్న సీసా. తలుపేసి, నీలిదీపం కింద పెట్టి, కళ్లద్దాలు తగిలించుకున్నాడు. చొక్కా ఎత్తి పొత్తికడుపు కూడా దీపానికి చూపించాడు. ఊపిరి బిగబట్టి చూశాడు. పచ్చదనం లేదు. నలుసంతైనా లేదు. చీకటి చీకటిలాగే ఉంది.

"మనకి మూడలేదురోయ్ అల్లుళ్లూ!"

బయట అడుగుల చప్పుడైతే సిగ్గుపడి సీసాను దీపం వెనక్కి తోసేశాడు. ఇంటికెళ్లి, "ఏమీ లేదన్నారే," అన్నాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. మూత్రంలో ఎరుపు మాత్రం ఆగనే లేదు.

వానలు వెలిసేసరికి బాబాయి లేడు.

సామాను తీసుకెళ్లడానికి వచ్చిన భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది. "మీ దగ్గర పరీక్ష చేసి ఏమీ లేదన్నారటగా? ఆస్పత్రికి తీసుకెళ్తే, చాలా ఆలస్యం చేశారన్నారు."

ఎవరూ ఏ పరీక్షా చెయ్యలేదు. పరిశోధకురాలి చూపు నీలిదీపం మీద పడింది. దాని వెనక ఏదో కనబడితే చెయ్యిపెట్టి సీసా బయటికి తీసింది. అడుగున తుప్పురంగు మడ్డి. ఆమెకు అర్థమైంది.

"బాబాయి దీన్ని ఈ దీపం కింద పెట్టి చూసుకున్నట్టున్నాడు. ఎలుకలో మెరిసేది జబ్బు కాదమ్మా. ఆ మెరుపు మేం పెట్టిందే. కేన్సర్ కణాలకు ముందే మెరుపు చేర్చి, తర్వాత ఎలుకలోకి ఎక్కిస్తాం, మాకు కనబడాలని. మనిషికి వచ్చే జబ్బుకి మెరుపుండదు. అది చీకట్లోనే పెరుగుతుంది."



"మెరవలేదని కాబోలు," అంది భార్య, "ఆ రోజు ఎంత నవ్వుకుంటూ ఇంటికొచ్చారో."

ఎవరో అలవాటుగా స్విచ్ వేశారు. నీలివెలుగులో దగ్గుమందు సీసా నల్లగా నిలబడింది.