బావమరిది పట్టిన తాడు

నేను ఒక తాడును. అలా చప్పరించేయకండి. చేద లాగే తాళ్లు, గేదె మెడలో పలుపులు నాకు చుట్టాలే గానీ నా పని వేరు. నల్లమల చరియల్లో తేనె తీసే మనిషి ప్రాణం నా మీద వేలాడుతుంది.

నన్ను పేనినవాడు నిమ్మల ఈదన్న. అడ్డాకుల తీగ ఒలిచి, ఆ నార వాగులో నానబెట్టి, పెంట నడుమ కూర్చుని పేనాడు. పెంట అనగానే ముక్కు మూసుకోకండి, చెంచులు తమ ఊరిని అలాగే అంటారు.

వాళ్లకో కట్టుబాటు ఉంది. చరియ దిగేవాడి తాడును పైన పట్టుకోవలసింది అతని భార్య తోడబుట్టినవాడే. సొంత తమ్ముడైనా పనికిరాడు. తమ్ముడికి వదిన మీద కన్ను పడొచ్చు, బావమరిది మాత్రం అక్క బతుకును బుగ్గి చేయడని పెద్దల లెక్క. మనుషుల సంగతి మనుషులకే బాగా తెలుసు మరి!

ఆ ఏడు చిక్కొచ్చి పడింది. ఈదన్న భార్య గురువమ్మకు ఉన్నది ఒక్కడే తమ్ముడు, బయన్న. వానాకాలంలో ఈదన్న చెట్ల బంక ఏరడానికి పోతూ బయన్న కుక్కను అడగకుండా వెంట తీసుకెళ్లాడు. దాన్ని చిరుత ఎత్తుకుపోయింది. ఆ కుక్కకు పెట్టందే బయన్న ముద్ద నోట పెట్టేవాడు కాదు. ఇక బావతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాడు, ఎదురైతే మొహం తిప్పుకునేవాడు.

తేనె రోజులు రానే వచ్చాయి. గురువమ్మ తమ్ముడి గుడిసెకు వెళ్లి, మాట్లాడకపోతే మానెయ్, తాడు మాత్రం పట్టుకోమంది. అతను తెల్లవారేసరికి చరియ మీద నిలబడి ఉన్నాడు. నోరు మూసుకున్న మనిషి చేతిలో ఉండటం అంత సుఖం కాదు.

గురువమ్మ కింద లోయలో పొగ పెట్టింది. బయన్న నన్ను నడుముకు చుట్టుకుని, బండకు కాలు తన్నిపెట్టాడు. ఈదన్న దిగాడు. తేనెపట్టు మీద చేయి వేశాడో లేదో, గాలి తిరిగి పొగ పక్కకు పోయింది. తేనెటీగలు మూకుమ్మడిగా లేచాయి. ఈదన్న తప్పించుకోబోయి ఊగాడు. అంచున ఉన్న వాడిరాయి నన్ను కోసింది. ఒక పేట పుటుక్కున తెగింది. ఇంకొకటి నలుగుతోంది.

కింద ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. తెలిసింది నాకూ, బయన్నకూ. అతను తెగిన నార వైపు చూశాడు. ఆ చూపులో కుక్క ఉందో అక్క ఉందో, ఒట్టు, నాకు అర్థం కాలేదు. భయంతో బిగుసుకుపోయాను.

బయన్న మోకాళ్ల మీద కూలబడి, తన ముంజేతిని నాకూ రాయికీ మధ్య దూర్చాడు. బావ బరువంతా ఆ చేతి మీద పడింది. తోలు లేచిపోయి నెత్తురు నాలోకి ఇంకింది.

“బావా, ఊగమాక. నార తెగతాంది. నేనుండా, మెల్లంగ రా.”

ఈగలకు బెదరని ఈదన్న ఆ గొంతుకు బెదిరాడు. ఊగడం మానేసి, మెల్లగా పైకి పాకాడు. చేతిలో తేనె లేదు, మొహమంతా కాట్లు.

“నీ కుక్కను పొట్టన పెట్టుకుంది నేనేరా,” అన్నాడు.

బయన్న నెత్తురోడే చేత్తోనే బావ చెంపల్లోని ఈగ ముళ్లు పీకుతూ కూర్చున్నాడు.

తెగిన తాడు మళ్లీ చరియ దిగకూడదు. పులుల అడవి చూడవచ్చేవాళ్ల కోసం కట్టిన మ్యూజియంలో ఇప్పుడు నన్ను పెట్టారు. నేనెన్ని కిలోలు మోస్తానని వచ్చినవాళ్లు అడుగుతారు. నా మీది నల్ల మరక తేనెదని చూపించేవాడు చెబుతాడు. నా ఒక కొసకు కొయ్య మనిషిని వేలాడదీసి, రెండో కొసను గోడమేకుకు కట్టారు. మేకు గట్టిదే, కాదనను. కానీ దానికి అక్క లేదు.