కాగితం వెనక గరుకు

మా మేనమామ మైసయ్య ఎడ్ల బేరగాడు. ఎడ్ల బేరగాణ్ణి వెంటబెట్టుకుని నల్లగొండకు కంప్యూటరు కొనడానికి వెళ్లినవాణ్ణి ఈ జిల్లా మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ ఘనత ఎవరూ నా దగ్గర్నుంచి లాక్కోలేరు. మిగతావన్నీ లాక్కున్నారు.

నా పేరు ఇస్రాయేలు. మోత్కూరు మండలాఫీసు ముందు రేకుల షెడ్డులో కూర్చుని తెలుగు టైపు మిషను మీద జనం దరఖాస్తులు కొట్టిచ్చేవాణ్ణి. పింఛను, పట్టా, ఎండిపోయిన బోరు, కులం సర్టిఫికెట్టు, ఏ బాధైనా సరే నా మిషను మీదుగా పోవాల్సిందే. పక్క బల్ల మెహమూద్‌ది. వాడు కూడా టైపు చేసేవాడే. నా కంటే పదేళ్లు చిన్న. అక్షరాలు ఎక్కడున్నాయో నా దగ్గరే నేర్చుకున్నాడు. వాడి మిషనుకు 'క' గుడి సరిగా పడదు, అందుకని జనం ముందు నా దగ్గరికే వచ్చేవారు. ఇద్దరం బతికాం.

తొంభై ఏడులో కొత్త ఎమ్మార్వో మేడమ్ వచ్చింది. వచ్చిన నెలకే షెడ్డులో సగం జీపుకు కావాలంది. మిగిలిన సగంలో ఒకే బల్ల పడుతుంది. ఆ బల్ల ఎవరిదో కూడా ఆమే తేల్చింది. మార్చి ఆఖరులోపు ఎవరు కంప్యూటరు తెస్తే వాళ్లది.

షెడ్డు లేకపోతే నేను లేను. ఎండలో, వానలో, రోడ్డు పక్కన దుమ్ములో కాగితం నిలవదు. ఆఫీసు మెట్లు దిగిన మనిషికి మొదట కనబడేది ఆ షెడ్డే. ఆ జాగా పోతే నా ఇల్లు గడవదని నాకు తెలుసు, మెహమూద్‌కూ తెలుసు.

"నాకాడ గంత పైస యాడిది అన్నా. నువ్వే తెచ్చుకో. నేను రోడ్డవతల చాయ్ హోటల్ కాడ బల్లేసుకుంట" అన్నాడు మెహమూద్.

ఇలా మంచిగా మాట్లాడేవాళ్లతో నాకు చాలా చిరాకు. కొట్లాడితే మనసుకు హాయిగా ఉండేది.

డబ్బు సరిపోక నా టైపు మిషను అమ్మకానికి పెట్టాను. కొన్నది ఎవరనుకున్నారు, మెహమూదే. మా ఆవిడ జంగమ్మ ఆ రోజు అన్నం కూడా సరిగా పెట్టలేదు.

"అన్నం పెట్టిన మిషను గదయ్యా. మూలకు వడి ఉంటే నీ సొమ్మేం పోతాంది?"

"కంప్యూటర్ వచ్చినంక అది ఇనుప సామాన్లకు గూడ పనికి రాదే. నీకేం ఎర్క?" అన్నాను.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. ఆ మాట అన్నవాళ్లు నన్ను చూసే అని ఉంటారు.

మైసయ్య మామను ఎందుకు తీసుకుపోయానంటే, మా కుటుంబంలో ఏది కొన్నా ఆయన చూడాల్సిందే. సైకిలు, గోడ గడియారం, జంగమ్మ కుట్టు మిషను, అన్నిటినీ ఆయనే చూసి సరేనన్నాడు. నా పెండ్లికి జంగమ్మను చూడటానికి కూడా ఆయనే వెళ్లాడు. అది ఒక్కటి మాత్రం ఆమెకు చెప్పలేదు.

నల్లగొండ దుకాణంలో రెండు కంప్యూటర్లు చూపించాడు యజమాని యాదగిరి. ఒకటి పాత మోడలు, ఎవరో రెండేళ్లు వాడి వదిలేసింది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. దానితో వచ్చే ప్రింటరులో సన్నటి సూదులుంటాయి. అవి సిరా రిబ్బను మీద పొడుస్తుంటే కాగితం మీద అక్షరం పడుతుంది. పొడిచినప్పుడల్లా చెవులు చిల్లులు పడే చప్పుడు. రెండోది కొత్త మోడలు. రంగుల తెర. దాని ప్రింటరు సిరా చల్లుతుంది, కాగితం తడి ఆరకముందే బయటికొస్తుంది, చప్పుడు లేదు.

మామ తలపాగా సర్దుకుని పాతదాని చుట్టూ తిరిగాడు. వెనక్కి పోయి వైర్లు ఎత్తి చూశాడు. తెర మీద చెయ్యి వేసి వేడి చూశాడు.

"ఇది నోరు కలిసిన ఎద్దు. ఇంకేం దున్నుతది" అన్నాడు. పళ్లన్నీ వచ్చేసిన ముసలిది అని ఆయన భాషలో అర్థం. తర్వాత కొత్తదాని ముందు నిలబడి ముఖం వెలిగించుకున్నాడు. "ఇది రెండు పండ్ల కోడె. ఏ సప్పుడు లేదు సూడు. సప్పుడు చేసే ఎద్దు సాలుకు రాదు అల్లుడా."

యాదగిరి నిజాయితీగల మనిషి. అందుకే ఎవరూ నమ్మలేదు. "అన్నా, మీది దఫ్తర్ పనైతే పాతది తీసుకోండ్రి. సూదులు కాగితాన్ని గట్టిగ గుద్దుతయి, కింది కార్బన్ కాపీ మీద గూడ పడతది. కొత్తది ఉత్తగ సిరా చల్లుతది" అన్నాడు.

"పాత సరుకు అంటగడుతాండు" అని మామ నా చెవిలో చెప్పాడు. నాకూ అలాగే అనిపించింది. తర్వాత మామ తువాలు తీసి యాదగిరి చేతి మీద కప్పి, లోపల వేళ్లు పట్టుకుని బేరం మొదలుపెట్టాడు. అంగట్లో ఎడ్ల బేరం అలాగే చేస్తారు, పక్కవాళ్లకు ధర తెలియకుండా. యాదగిరి బెదిరిపోయి చెయ్యి లాక్కున్నాడు. ఆ తర్వాత ఎంత చెప్తే అంతకే కొన్నాం. మామ మాత్రం బస్సులో మోత్కూరు దాకా, వాడి వేళ్లు చూస్తేనే తనకు ధర తెలిసిపోయిందని చెబుతూనే ఉన్నాడు.

కంప్యూటరు షెడ్డులో దిగిన రోజు ఊరు ఊరంతా వచ్చింది. ఆఫీసు నుంచి కరెంటు వైరు లాగడానికి మేడమే ఒప్పుకుంది. ఆమె పేరు రంగు అక్షరాలతో కొట్టిచ్చాను. సంతోషపడి గోడకు అంటించుకుంది. అదే రోజు మెహమూద్ తన బల్లను అవతల దించి వచ్చి, మళ్లీ రోడ్డు దాటాడు. ఒక చేతిలో వాడి మిషను, రెండో చేతిలో నా మిషను. నాకు ఆనందమైంది. దాచిపెట్టి లాభం లేదు, నిజంగానే ఆనందమైంది.

మర్నాడు మొదటి దరఖాస్తు బిక్షమ్మది. భర్త పోయిన మనిషి, పింఛను కోసం వచ్చింది. పూలలాంటి అక్షరాలతో కొట్టిచ్చాను. వేలిముద్ర వేసి లోపలికి తీసుకెళ్లింది. అయిదు నిమిషాలకు తిరిగొచ్చింది.

"ఇది పనికి రాదంట కొడుకా. సార్ ఎనుకకు తిప్పి బొటనేలుతోటి రుద్ది సూసిండు."

నాకు అప్పుడే అర్థమైంది. ఎందుకంటే ఆ రుద్దడం నేర్పింది నేనే.

నాలుగేళ్ల కిందట బస్టాండు దగ్గర జిరాక్స్ దుకాణం వచ్చింది. ఎవడో తెలివైనవాడు నేను కొట్టిన దరఖాస్తునే పేరు ఖాళీగా పెట్టి, వంద జిరాక్సులు తీసి అమ్మటం మొదలుపెట్టాడు. నా పని సగానికి పడిపోయింది. అప్పుడు దరఖాస్తులు తీసుకునే గుమస్తా బుచ్చయ్య సారు దగ్గరకు పోయి, రహస్యం చెబుతున్నట్టు చెప్పాను. "సార్, కాగితం ఎనుకకు తిప్పి బొటనేలుతోటి రుద్ది సూడండ్రి. అచ్చరాలు గరుకుగ తగిలితె అసలుది. నున్నగుంటె జిరాక్స్. నకిలీ కాగితానికి మీరు ముద్రేస్తె రేపు మీ మెడకే చుట్టుకుంటది." బుచ్చయ్య భయస్థుడు. ఆ రోజు నుంచి ప్రతి కాగితాన్నీ తిప్పి రుద్దేవాడు. జిరాక్స్ దరఖాస్తులు నెలలో మాయమైపోయాయి. నాకు తెలివి ఉందని నేను నమ్మిన రోజుల్లో అది ఒకటి.

తాను తీసిన గోతిలో తానే పడటమంటే ఇదే. కాకపోతే నేను గొయ్యి తీసి, దాని మీద రంగుల తెర కూడా వేసుకున్నాను.

బుచ్చయ్య దగ్గరకు పోయాను. "సార్, ఇది జిరాక్స్ కాదు. కంప్యూటర్. సిరా చల్లుతది, గుద్దది."

"నువ్వు చెప్పిన రూలే గదయ్యా" అన్నాడాయన కళ్లజోడు పైనుంచి చూస్తూ. "గరుకు లేంది అసలుది గాదు. నాకు రెండేండ్లల్ల రిటైర్‌మెంటు. పెన్షన్ ఆగేటట్టు చేస్తవా?"

ఆ రాత్రి ఇంట్లో జంగమ్మ కుట్టు సూది తీసుకుని ఆ దరఖాస్తు అక్షరాల మీద ఒక్కొక్క గుద్దు గుద్దాను. మర్నాడు బుచ్చయ్య రుద్ది చూసి, "ఇదేంది, చీమలు తిన్నట్టున్నది" అని వెనక్కిచ్చాడు. సూది పట్టుకున్నప్పుడు నాకు యాదగిరి మాట గుర్తొచ్చింది. పాత మోడలు సూదులతో పొడుస్తుంది. అది కొని ఉంటే గరుకు దానంతట అదే వచ్చేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవాలన్నా ఆకుల్లేవు, యాదగిరి అప్పటికే దాన్ని ఎవరికో ఇచ్చేశాడు.

ఇక జనం ఏం చేశారంటే, నా దగ్గర అందంగా కొట్టించుకున్న కాగితం పట్టుకుని రోడ్డు దాటి మెహమూద్ దగ్గరకు పోయేవారు. వాడు దాన్ని ముందు పెట్టుకుని, నా మిషను మీద అచ్చు అలాగే మళ్లీ కొట్టిచ్చేవాడు. అది బుచ్చయ్య బొటనవేలికి గరుకుగా తగిలేది, ముద్ర పడేది. కొన్నాళ్లకు వాళ్లకూ తెలివొచ్చింది. ముందు నా దగ్గరకు రావడం ఎందుకని నేరుగా మెహమూద్ దగ్గరకే పోసాగారు. నీడ నాది, మనుషులు వాడి వాళ్లు. సాయంత్రం వాడి బల్ల మీది మిషను చప్పుడు రోడ్డు దాటి షెడ్డులోకి వినబడేది. నా మిషను చప్పుడు నాకు తెలియదా. 'క' గుడి కూడా సరిగానే పడేది.

చివరకు మేడమ్ దగ్గరకు పోయాను. ఆమె జాలిపడింది. "బుచ్చయ్యగారికి నేను నోటితో చెప్తే వినరు. కలెక్టరాఫీసు నుంచి ఆర్డరు రావాలి. రాతపూర్వకంగా ఇవ్వండి" అంది.

దరఖాస్తు కొట్టాను. 'కాగితాల వెనుక బొటనవేలితో రుద్దే పద్ధతి మాన్పించవలసిందిగా ప్రార్థన.' రంగుల తెర మీద చూసుకుని, మంచిగా ప్రింటు తీసి ఇచ్చాను. బుచ్చయ్య తీసుకున్నాడు. వెనక్కి తిప్పాడు. రుద్దాడు.

"ఇది జిరాక్స్ ఇస్రాయేలూ" అన్నాడు, పాపం, నిజంగానే బాధపడుతూ.

అప్పుడు రోడ్డు దాటాను. మెహమూద్ నన్ను చూసి స్టూలు జరిపాడు. నేనిచ్చిన కాగితం చదివాడు. అది ఆమోదం పొందితే వాడి దగ్గరకు ఒక్క మనిషి కూడా రాడని వాడికి అర్థమైంది. ఒక్కసారి నా ముఖం చూసి, కాగితం మిషనులో ఎక్కించి, ఒక్క తప్పు లేకుండా కొట్టాడు.

"ఇగ ముద్ర పడతది అన్నా" అన్నాడు, వెనక రుద్ది చూసి.

నాకు సిగ్గేసింది. అయినా తీసుకెళ్లి ఇచ్చాను. బుచ్చయ్య ముద్ర వేశాడు.

మూడు నెలలకు కలెక్టరాఫీసు నుంచి ఆర్డరొచ్చింది. దాన్ని చూడటానికి బుచ్చయ్య బల్ల దగ్గర నిలబడ్డాను. కవరు చింపాడు. నాకు దూరం నుంచే కనబడింది, తెల్లటి నిగనిగలాడే కాగితం, పూలలాంటి అక్షరాలు. కలెక్టరాఫీసుకు కూడా కొత్త మోడలు కంప్యూటర్లు వచ్చాయి కాబోలు. వెనక బొటనవేలితో రుద్దడం వెంటనే మానుకోవాలని అందులో స్పష్టంగా రాసి ఉంది.

బుచ్చయ్య దాన్ని వెనక్కి తిప్పాడు. రుద్దాడు. కింద పెట్టాడు.

"సంతకం గరుకుగనే ఉన్నది ఇస్రాయేలూ. మరి అచ్చరాలేవి?" అని అడిగాడు. "అసలుది పంపుమని జవాబు రాయాలె. నేను చెప్తున్న, రాసుకో. బయట కొట్టించుకరా. జర గట్టిగ పడాలె."

ఆయన చెప్పిన జవాబు చేత్తో రాసుకుని మళ్లీ రోడ్డు దాటాను. మెహమూద్ విషయం విని నవ్వలేదు. లేచి నిలబడి తన కుర్చీ నా వైపు జరిపాడు.

"నువ్వే కొట్టుకో అన్నా. నీ మిషనే గద."

కూర్చున్నాను. వేళ్లు వాటంతట అవే అక్షరాలు వెతుక్కున్నాయి. నా సొంత ఆర్డరు చెల్లదని నేనే గట్టిగా కొట్టాను, ఒక్కొక్క అక్షరం కాగితంలోకి దిగేలా. తీసి వెనక బొటనవేలితో రుద్ది చూసుకున్నాను. గరుకుగా ఉంది.

"ఈ మిషను నాకు మళ్లా అమ్ముతవా తమ్మీ?" అని అడిగాను.

"అమ్మను అన్నా" అన్నాడు మెహమూద్. "గని రోజూ వొచ్చి కూసో. మనుషులు శానా మంది వస్తున్నరు, నాకొక్కనికి అయితలేదు."

రోడ్డవతల షెడ్డులో నా కొత్త మోడలు మామ తువాలు కప్పుకుని నీడలో చల్లగా కూర్చుంది. నేను ఎండలో కుర్చీ సర్దుకుని, వరసలో ముందున్న మనిషిని రమ్మన్నాను.