దుప్పటి నలగని వార్డు

సెలవుల్లో కొండలెక్కినవాళ్ళు జలపాతం చూస్తారు, ఫొటోలు దిగుతారు. ఒక ఆరోగ్యశాఖ అధికారి భార్య కంటికి మాత్రం మూతపడిన ఆసుపత్రి ఆనింది.

"ఏమండీ, ఒక్కసారి లోపలికెళ్ళి చూద్దామా?"

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. తొమ్మిదేళ్ళ కిందట తనిఖీకొచ్చి దాన్ని మూయించింది తానే. ఆ మాట ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

"పాడుబడ్డ కొంప. పాములుంటాయి."

"మిమ్మల్ని ముప్పై ఏళ్ళుగా భరిస్తున్నా. పాములొక లెక్కా?" అంటూ ఆమె మెట్లెక్కేసింది.

కిటికీ అద్దాలు పగిలాయి, మంచాలు తుప్పుపట్టాయి. నేల మాత్రం శుభ్రంగా ఉంది. చీపురు పట్టుకున్న నడివయసు ఆమె ఎదురొచ్చింది. ఒకప్పుడు అక్కడ ఆయాగా చేసిందట. మళ్ళీ తెరుస్తారన్న ఆశతో ఇప్పటికీ ఊడుస్తోందట.

"రోగులు రాకే మూసేశారా?" అడిగింది భార్య.

"రాకేమమ్మా! ఆ రోజు పదకొండు మంది ఉన్నారు. పెద్దసారు తనిఖీకొస్తున్నారని అందర్నీ వెనక వంటగదిలోకి పంపేశాం. ఉతికిన దుప్పట్లు పరిచాం. దగ్గొస్తే నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమన్నాం. సారు గుమ్మంలోంచే చూసి, బాగుందని మెచ్చుకుని వెళ్ళారు. నెల తిరక్కుండా తాళం పడింది. పడకలన్నీ ఖాళీ అని రాశారంట."

అధికారి కిటికీ దగ్గరికి వెళ్ళాడు, మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఒక చోట నిలవలేకపోయాడు. "పద, పొద్దుపోతోంది" అన్నాడు. మిట్టమధ్యాహ్నం అది.

"ఆ పదకొండు మందిలో నా చెల్లెలూ ఉందమ్మా, నిండు చూలాలు. తాళం పడ్డాక కాన్పుకని కిందికి మోసుకెళ్తుంటే దారిలోనే పోయింది."

ఆయన వార్డు చివరికి నడిచి, బిగుసుకున్న వెనక తలుపు గొళ్ళెం రెండు చేతులా లాగాడు. అవతల పొగచూరిన వంటగది, ఒక పొడవాటి బల్ల. వార్డు నుంచి ఇరవై అడుగులు కూడా లేదు. ఆయన వెనక్కి వచ్చి ఆయా ముందు నిలబడ్డాడు.

"ఆ సారు నేనేనమ్మా" అన్నాడు.

ఆయా చీపురు గోడకానించింది. "మెచ్చుకుంటారని దాచాం బాబూ. మా బుద్ధి గడ్డి తింది" అంది.

"నీ తప్పు కాదు. చూడాల్సింది నేను. తెరవమని రాస్తాను, తప్పు నాదని కూడా రాస్తాను."

"ఉద్యోగం మీదికొస్తుందేమో" అంది భార్య మెల్లగా.

"రానీ."

అధికారి వస్తున్నాడంటే ముందు గది ఎక్కడైనా మెరుస్తుంది. వెనక తలుపు తెరిచి చూడకుండా పెట్టే సంతకం మాత్రం ఎవరో ఒకరి ప్రాణం మీదికి తెస్తుంది.